ఒండ్రునేల మీద పెంకు వంతెన

కాంక్రీటు నొక్కుడుకు గట్టిగా నిలుస్తుంది గానీ, లాగుడుకు సులువుగా పగులుతుంది. దాని లాగుడు బలం నొక్కుడు బలంలో దాదాపు పదో వంతు మాత్రమే. మామూలు దూలం బరువుకు వంగినప్పుడు పై భాగం నొక్కుకుపోయి, అడుగు భాగం సాగుతుంది కాబట్టి ఆ అడుగున ఉక్కు కడ్డీలు లాగుడును మోస్తాయి, అక్కడి కాంక్రీటు చాలావరకు మోయవలసిన బరువుగానే మిగిలిపోతుంది. ఈ వృథాను తప్పించడానికి కాంక్రీటును వంపు తిరిగిన పలుచని పలకగా పోసి, బరువంతా ఆ పలక మందంలోనే నొక్కుడుగా పారి ఆధారాలకు చేరేలా మలిచే కట్టడాన్ని షెల్ లేదా పెంకు నిర్మాణం అంటారు. దాని బలం మందంలో కంటే ఆకారంలో ఎక్కువగా ఉంటుంది.

ఆ ఆకారాన్ని రాబట్టే సూత్రం పాతదే. గుమ్మానికి కట్టిన తోరణం తన బరువుకు తానే ఒక వంపులో వేలాడుతుంది, దానిలో లాగుడు తప్ప మరో బలం ఉండదు. అదే వంపును తలకిందులు చేస్తే నొక్కుడు మాత్రమే ఉండే కమాను వస్తుందని రాబర్ట్ హుక్ 1675లోనే సూచించాడు. తాడుకు బదులు పొరను తీసుకుంటే కమానుకు బదులు పెంకు వస్తుంది. ఇటలీ ఇంజనీరు సెర్జియో ముస్మెచి పొటెంజా నగరంలో బసెంటో నది మీది వంతెనకు సబ్బునీటి పొరలతోనూ, సాగదీసిన రబ్బరు పొరలతోనూ ఆకారం వెతికి, పదో వంతు కొలతలో కాంక్రీటు నమూనాను పరీక్షించిన తరువాతే అసలు కట్టడానికి పూనుకున్నాడు. 1970ల మధ్యలో పూర్తయిన ఆ వంతెనలో సుమారు 30 సెంటీమీటర్ల మందమున్న ఒకే పెంకు మడతలు పడుతూ లేస్తూ రహదారిని మోస్తుంది. మెక్సికోలో 1958లో ఫెలిక్స్ కాండెలా కట్టిన షోచిమిల్కో భోజనశాల పైకప్పు మందం 4 సెంటీమీటర్లే అయినా, కప్పు మీద లారీలు తిరగవు. వంతెన మీద బరువు క్షణక్షణం చోటు మారుతుంది కాబట్టి నొక్కుడు పారే గీత పెంకు మందాన్ని దాటి బయటికి జరిగే ప్రమాదం ఉంటుంది, ఆ మేరకు మందమూ ఉక్కూ పెంచక తప్పదు.

అయితే కృష్ణా డెల్టా లాంటి ఒండ్రునేలలో అసలు చిక్కు పెంకులో కాదు, అది కాలు మోపే నేలలో ఉంది. కమాను గానీ పెంకు గానీ ఆధారాన్ని కిందికి నొక్కడంతో ఆగక పక్కకు కూడా తోస్తుంది. మీటరుకు 10 టన్నుల బరువు సమంగా పరుచుకున్న 60 మీటర్ల కమాను ఎత్తు 10 మీటర్లయితే, ఒక్కొక్క ఆధారం మీద కిందికి 300 టన్నులు, పక్కకు 450 టన్నులు పడతాయి; ఎత్తును సగానికి తగ్గిస్తే పక్కతోపు 900 టన్నులవుతుంది. చదునైన నేల మీద వంతెనను ఎత్తుగా లేపితే దారులను పొడవుగా సాగదీయాలి, లేపకపోతే ఈ తోపును భరించాలి.

విజయవాడ దగ్గర కృష్ణకు ఒక ఒడ్డున ఇంద్రకీలాద్రి, మరో ఒడ్డున సీతానగరం కొండ ఉన్నాయి గనుక రాతి ఆధారం దొరికినట్లే కనిపిస్తుంది, కానీ వాటి నడుమ కిలోమీటరుకు పైగా ఉన్నది ఇసుక. 1852–55 మధ్య కట్టిన ఆనకట్టా, అది 1952లో తెగిన తరువాత 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కూడా ఆ నదీగర్భంలోనే నిలిచాయి. బ్యారేజీలోని 70 ఖానాలు (స్తంభాల నడుమ ఖాళీలు) ఒక్కొక్కటి 40 అడుగులే. అంత చిన్న ఖానాల మీది రహదారి స్తంభాలను ప్రధానంగా కిందికే నొక్కుతుంది. లోతుగా దింపిన బావి పునాది నిలువు బరువును బాగా మోస్తుంది గానీ, పక్కతోపును ఆపవలసిన చుట్టుపక్కల ఇసుకను వరద కోసుకుపోతుంది. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైన నదిలో ఆ ఇసుకను నమ్మి పెంకును నిలపడం వివేకం కాదు.

పొరుగున ఉన్న గోదావరి డెల్టాలో ఈ చిక్కుకు రెండు జవాబులు దొరికాయి. కోనసీమలోని గన్నవరం (విమానాశ్రయమున్న గన్నవరం కాదు) దగ్గర 1850ల్లో కట్టిన అక్విడక్టులో 40 అడుగుల కమానులు 49 వరుసగా సాగాయి. సమానమైన కమానులు పక్కపక్కన నిలిస్తే నడిమి స్తంభాల దగ్గర ఎదురెదురు తోపులు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, చివరి ఆధారాలకే పని మిగులుతుంది. పైగా కాలువ నీటి బరువు అంతటా సమంగా పడుతుంది కాబట్టి కమానుకు అంతకంటే అనుకూలమైన భారం ఉండదు. రెండో జవాబు రాజమహేంద్రవరంలో 1997లో సిద్ధమైన రైలు వంతెన. 28 ఖానాలున్న ఆ వంతెనలో దాదాపు 97 మీటర్ల ప్రతి ఖానాలోనూ కాంక్రీటు కమానుల కొసలను కింది పెట్టె దూలమే వింటినారిలా బిగించి పట్టుకుంటుంది. తోపు నేలకు చేరకముందే ఆ దూలంలో తీరిపోతుంది, స్తంభాల మీద నిలువు బరువే పడుతుంది. గోదావరి ఇసుకకు ఇంతకంటే మర్యాదైన పరిష్కారం కనిపించదు.

విజయవాడ మాత్రం వేరే దారి పట్టింది. ఇంద్రకీలాద్రికీ కృష్ణకూ నడుమ ఇరుకులో వంపులు తిరుగుతూ సాగే, 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ ఆరు వరుసల రహదారిని ఒంటి స్తంభాల వరుస మీద మోస్తుంది. నడుమ వెన్నెముకలాంటి బోలు పెట్టెను ముందే పోసిన ముక్కలుగా తెచ్చి, బిగించిన ఉక్కు తీగలతో కలిపి, తరువాత ఇరువైపులా రెక్కలు అతికించారు. ఒకవైపే వాహనాలు నిండినప్పుడు కట్టడం మెలి తిరగబోతుంది. మూసిన పెట్టె గోడల చుట్టూ కోతబలం వలయంగా పారి ఆ మెలిని ఆపుతుంది. పలుచని గోడలు తమ తలంలోనే బలాన్ని మోయడమనే పెంకు గుణం ఇక్కడా ఉంది, పక్కతోపు మాత్రం లేదు. ఈ పద్ధతిలో ఖర్చు కూడా కలిసివస్తుంది: ముక్కలన్నిటికీ కొద్దిపాటి అచ్చులు మళ్ళీమళ్ళీ పనికొస్తాయి, ముస్మెచి పెంకుకు అడుగడుగునా వేరే అచ్చు కావాలి.

అచ్చుల బెడద ఇప్పుడు తగ్గుతోంది. జ్యూరిక్ ఈటీహెచ్ పరిశోధకులు జహా హడీద్ ఆర్కిటెక్ట్స్‌తో కలిసి 2021లో వెనిస్‌లో నిలిపిన స్ట్రయాటస్ కాలినడక వంతెనలో త్రీడీ ముద్రణతో చేసిన 53 కాంక్రీటు దిమ్మెలు ఉక్కు కడ్డీలు గానీ గార గానీ లేకుండా నొక్కుడుతోనే నిలిచాయి. దాని కాళ్ళను మాత్రం ఉక్కు బంధాలు నేలమట్టంలో ఒకదానితో ఒకటి ముడివేశాయి.