బాయిలర్ల కర్మాగారం నుంచి బిడ్డ దగ్గరకు

1955లో ఇయాన్ డొనాల్డ్ అనే గ్లాస్గో ప్రసూతి వైద్యుడు, ఆపరేషన్లలో తీసిన గర్భాశయ గడ్డలను, అండాశయ తిత్తులను రెండు కార్ల డిక్కీల్లో వేసుకుని రెన్‌ఫ్రూలోని బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కర్మాగారానికి వెళ్లాడు. ఉక్కులో కంటికి అందని పగుళ్లను అక్కడ శబ్ద తరంగాలతో పట్టేవారు. పోల్చి చూసుకోవడానికి కర్మాగారం వాళ్లు పెద్ద గొడ్డుమాంసం ముక్కను సిద్ధంగా ఉంచారు. నీటి తిత్తి ప్రతిధ్వని ఒకలా, గట్టి గడ్డ ప్రతిధ్వని మరోలా వచ్చింది. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మెక్‌వికర్‌లతో కలిసి ఆయన 1958లో లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసంతో స్కానింగ్ వైద్యంలో నిలదొక్కుకుంది.

అంటే డొనాల్డ్ తొలి నమూనాలన్నీ ప్రాణంలేని ముక్కలే. తర్వాతి కాలంలో ఆ స్కానింగ్ యంత్రం మళ్లీ ప్రాణంలేని శరీరం వైపు తిరిగింది.

ఏడో నెల దాటాక కడుపులోనే బిడ్డ పోవడం, లేదా పుట్టిన వారంలోగా పోవడం: వైద్యులు ఈ రెండిటినీ కలిపి లెక్కిస్తారు. ఒక్క 2021లోనే ప్రపంచంలో సుమారు 19 లక్షల మంది బిడ్డలు చనిపోయి పుట్టారని ఐక్యరాజ్యసమితి అంచనా. ఎందుకు పోయాడో తెలిస్తే మరో కాన్పుకు జాగ్రత్త పడొచ్చు. కానీ పోస్టుమార్టం అనగానే ఇంట్లో పెద్దలు అడ్డం పడతారు. పసిబిడ్డను కోయనిస్తామా అంటారు, పొద్దుగూకేలోగా పూడ్చి వచ్చేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం.

కోయకుండానే లోపల చూడాలంటే, ఇక్కడే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు, అంటే ఒంటికి ఆనించే స్కానింగ్ పరికరానికి, పని పడుతుంది. మధ్యలో తల్లి పొట్ట అడ్డం ఉండదు కాబట్టి ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాడొచ్చు. లోతు తగ్గినా బొమ్మ స్పష్టంగా వస్తుంది. ఊపిరి తీయకుండానే పోయిన బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి ఉండదు. తరంగాలకు అడ్డుపడేది ఆ గాలే కాబట్టి ఛాతీ లోపల బాగా కనిపిస్తుంది. మెత్తటి మాడు మీద ప్రోబ్ ఆనిస్తే మెదడు కనబడుతుంది. గుండె దగ్గర మాత్రం తంటా. రక్తం కదలదు గనుక రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ పనికిరాదు, చిన్న రంధ్రాలు తప్పిపోవచ్చు. కడుపులో పోయి రోజులు గడిస్తే కణజాలం కరిగి బొమ్మ చెదిరిపోతుంది.

లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి బృందం ఇంకో అడుగు వేసింది. అల్ట్రాసౌండ్ చూస్తూ బొడ్డుతాడు మొదలు గుండా సూది పంపి, ఒంటి మీద కోత లేకుండా అవయవాల నుంచి నమూనాలు తీసింది. ఇంత చేసినా మాయ పరీక్ష తప్పదు. చాలా మరణాలకు జవాబు మాయలోనే దొరుకుతుంది.

మన దగ్గర ఢిల్లీ ఎయిమ్స్ 2021లో సీటీ స్కాన్‌తో కోత లేని పోస్టుమార్టం మొదలుపెట్టింది. 2019లో ఓపీ తెరిచిన మంగళగిరి ఎయిమ్స్ లాంటి చోట ప్రసూతి, రేడియాలజీ, పాథాలజీ ఒకే ప్రాంగణంలో ఉంటాయి. కృష్ణా డెల్టాలో ఇలాంటి అల్ట్రాసౌండ్ పరీక్షకు ఇంతకంటే అనువైన చోటు వెతకనక్కర్లేదు. చిక్కల్లా యంత్రాన్ని అటూ ఇటూ కదపడంలో ఉంది. పుట్టబోయే బిడ్డ ఆడో మగో చెప్పకుండా ఆపే 1994 చట్టం కింద ప్రతి స్కానింగ్ కేంద్రమూ రిజిస్టర్ కావాలి, యంత్రం వివరాలు అధికారుల దగ్గర ఉండాలి. చనిపోయిన బిడ్డ విషయంలో దాచడానికేమీ లేకపోయినా, ఆ యంత్రం ఏ గదిలో ఉండాలో ముందు కాగితం మీద తేలాలి.