కొబ్బరిచిప్పలో కావా

ఏటా ఫిబ్రవరి 15న వనువాటు దేశంలోని టానా దీవిలో, యాసుర్ అగ్నిపర్వతం దాపున ఉన్న సల్ఫర్ బే గ్రామంలో అమెరికా జెండా ఎగరేస్తారు. ఛాతీల మీద ఎర్రరంగుతో ‘యూఎస్ఏ’ అని రాసుకున్న మగవాళ్లు వెదురు తుపాకులు పట్టి కవాతు చేస్తారు. జాన్ ఫ్రమ్ అనే ఆయన ఏనాటికైనా వస్తాడని వాళ్ల నమ్మకం.

ఇలాంటి ఉద్యమాలను లోకం ‘కార్గో కల్ట్’ అంటుంది. 1945లో ఒక పత్రికలో తొలిసారి అచ్చయిన ఆ పేరులోనే చిన్నచూపు ఉంది. యుద్ధవిమానాలు దించిన సరుకు చూసి మురిసిన అమాయకులు, అది మళ్లీ రావాలని కొయ్య విమానాలకు మొక్కుతున్నారన్నది మనం విన్న కథ. టానాలో జరిగింది వేరు. అమెరికా సైన్యం ఆ దీవులకు వచ్చింది 1942లో. జాన్ ఫ్రమ్ పేరు అంతకు ముందే ఊళ్లలో పాకింది.

సరుకే రానప్పుడు ఆయన చెప్పిందేమిటి? కావా తాగండి, ఆడండి, పాత ఆచారాలకు తిరిగి రండి అన్నాడు. కావా అంటే మిరియాల జాతి మొక్క వేరు. పొద్దుగూకే వేళ మర్రిచెట్టు కింద కుర్రాళ్లు ఆ వేరు నమిలి ఉమ్మితే, నీళ్లు కలిపి వడకడతారు. కొబ్బరిచిప్పలో పోసింది తాగేసి, చివరి గుటకను గాలిలోకి తుంపరగా ఊదుతూ పితృదేవతలకు మనసులోమాట చెప్పుకుంటారు. ఆ తర్వాత ఎవరూ గొంతెత్తరు. ఇంత నిశ్శబ్దమైన ప్రార్థనను ప్రెస్బిటేరియన్ మిషనరీలు పాపమన్నారు. నాట్యాలు మాన్పించారు.

1941 మేలో ఒక ఆదివారం చర్చిలు వెలవెలబోయాయి. జనం దాచుకున్న డబ్బు ఖర్చుపెట్టేసి, పశువులను కోసి విందులు చేసుకున్నారు. బ్రిటిష్, ఫ్రెంచి ఉమ్మడి పాలకులు పెద్దలను పట్టుకుని జైలుకు పంపారు.

తర్వాత ఎఫాటె దీవిలో అమెరికన్ల దగ్గర పనికి వెయ్యిమంది దాకా టానా మగవాళ్లు వెళ్లారు. ఆ సైన్యంలోనూ వివక్ష ఉంది. అయినా తమలాంటి నల్లవాళ్లు తెల్లవాళ్ల యూనిఫాం వేసుకుని తిరగడం వాళ్లు అక్కడే చూశారు. జాన్ ఫ్రమ్‌కూ అమెరికాకూ ముడి గట్టిగా పడింది అప్పుడే.

సరుకు మీద ఆశ లేదని నేననను. కానీ మెలనేషియాలో ఇచ్చిపుచ్చుకుంటేనే చుట్టరికం. పందిని ఇచ్చినవాడికి తిరిగి ఏమీ ఇవ్వకపోతే అతణ్ణి మనిషిగా లెక్కచెయ్యనట్టే. తెల్లదొరలకు ఓడలనిండా సరుకుండేది, దీవివాళ్లతో కలిసి కూర్చుని తినేవాళ్లు మాత్రం కాదు. దీవివాళ్ల మనసుల్లో గుచ్చుకున్నది ఇదే.

ఆ జెండా మొదట ఎగిరింది 1957లో. జైళ్లలో ఏళ్లు గడిపి ఊరు చేరిన పెద్దలే దాన్ని ఎగరేశారు. అప్పటికి పాలకులు వాళ్లను అణచడం మానుకున్నారు. సల్ఫర్ బేలో కావా తాగడానికి ఎవరి అనుమతీ అడగనక్కర్లేకపోయింది.