మానిటర్ కొనే ముందు.. టేపు పట్టండి!

సిమ్ రేసింగ్‌లో తెర ఎంపిక ఇంటర్ త్రికోణమితి లెక్కే. అది తెలిస్తే డబ్బు మిగులుతుంది, ఉద్యోగానికీ పనికొస్తుంది

స్టీరింగ్ వీల్, పెడల్స్ కొన్నారు. మోన్జా ట్రాక్‌లో గంటకు 300 కిలోమీటర్లు దాటిన వేగంతో మొదటి మలుపు దగ్గరికొచ్చారు. బ్రేక్ నొక్కారు. ఒకసారి కారు మరీ ముందే నెమ్మదించింది. ఇంకోసారి మలుపు దాటి బయటికి దూసుకుపోయింది. రోజూ ఇదే తంతు! ఇలాంటప్పుడు చాలామంది ఇంకా పెద్ద మానిటర్ కొనాలనుకుంటారు. ఆగండి. ముందు చూసుకోవాల్సింది ఎఫ్ఓవీ.

ఏమిటీ ఎఫ్ఓవీ?

మీ కంటి నుంచి తెర రెండు అంచులకూ గీతలు గీస్తే మధ్యలో ఏర్పడే కోణమే ఫీల్డ్ ఆఫ్ వ్యూ. గేమ్‌లోని కెమెరాకూ ఇదే కోణం ఇస్తే తెర కారు అద్దంలా పనిచేస్తుంది. దూరాలు, పరిమాణాలు అసలు వాటిలాగే కనిపిస్తాయి. కోణాన్ని ఇష్టమొచ్చినట్టు పెంచితే పక్కలు ఎక్కువ కనిపిస్తాయి, వేగం కూడా పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ మలుపు చిన్నగా, ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తుంది. బ్రేక్ అంచనా తప్పేది ఇక్కడే.

లెక్క ఇలా..

తెర వెడల్పులో సగాన్ని కంటికీ తెరకూ ఉన్న దూరంతో భాగించండి. వచ్చినదానికి ట్యాన్ ఇన్వర్స్ కట్టి, రెట్టింపు చేయండి. 27 అంగుళాల మామూలు మానిటర్ వెడల్పు దాదాపు 60 సెం.మీ. దాన్ని 60 సెం.మీ. దూరంలో పెడితే కోణం 53 డిగ్రీలు. అదే మానిటర్ 90 సెం.మీ. దూరంలో ఉంటే 37 డిగ్రీలే! అంటే బల్లను సర్ది తెరను దగ్గరికి జరిపితే చాలు, పైసా ఖర్చు లేకుండా 16 డిగ్రీలు కలిసొస్తాయి.

ఒక జాగ్రత్త. ఐరేసింగ్ అడ్డం కోణం అడుగుతుంది. అసెట్టో కోర్సా నిలువు కోణం అడుగుతుంది. పై ఉదాహరణలో నిలువు కోణం 31 డిగ్రీలు. అక్కడ పొరపాటున 53 అని ఇస్తే అడ్డం కోణం 83 డిగ్రీల దాకా పోతుంది.

ఏది ఎవరికి?

ఒకే మానిటర్: కొత్తవారికి ఇది చాలు. వీల్ వెనుక వీలైనంత దగ్గరగా పెట్టుకోవాలి. సరైన కోణం పెట్టాక మొదట్లో ఇరుకుగా, నెమ్మదిగా అనిపిస్తుంది. కొన్ని రోజులు ఓపిక పట్టండి. పక్కన వచ్చే కారు కనిపించదు కాబట్టి రాడార్ లాంటి సదుపాయాలు వాడుకోవాలి.

అల్ట్రావైడ్: 34 అంగుళాల తెర 60 సెం.మీ. దూరంలో సుమారు 67 డిగ్రీలు ఇస్తుంది. 49 అంగుళాలదైతే దాదాపు 90. వైరింగ్, సెటప్ గొడవ తక్కువ.

మూడు మానిటర్లు: 27 అంగుళాలవి మూడు పెట్టి, పక్కవాటిని 53 డిగ్రీలు లోపలికి తిప్పితే మొత్తం 160 డిగ్రీల దాకా వస్తుంది. పక్క కారు తెలిసిపోతుంది. అయితే గేమ్‌లో మూడు తెరల ఆప్షన్ ఆన్ చేయకపోతే పక్కల బొమ్మ సాగిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు మీద భారమూ ఎక్కువే. ఫుల్ హెచ్‌డీ తెర ఒక్కటైతే దాదాపు 21 లక్షల పిక్సెళ్లు, మూడైతే 62 లక్షలు.

వీఆర్: ఎఫ్ఓవీ లెక్క హెడ్‌సెట్టే చూసుకుంటుంది. లోతు బాగా తెలుస్తుంది. కానీ కొందరికి తల తిరుగుతుంది. కొనే ముందు ఎక్కడైనా ఒకసారి పెట్టుకుని చూడండి.

ఆట దాటితే..

గ్రాన్ టురిస్మో గేమ్ నుంచి 2011లో జీటీ అకాడమీ గెలిచి జాన్ మార్డెన్‌బరో నిజమైన రేసర్ అయ్యాడు. అలాంటి అవకాశం ఏ కొద్దిమందికో. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా ఈ కార్లు పరుగెత్తడం మనవాళ్లు చూశారు. అలాంటి జట్లలో డ్రైవర్లు ట్రాక్ మీదికి రాకముందే సిమ్యులేటర్‌లో గంటలకొద్దీ సాధన చేస్తారు. ఆ సిమ్యులేటర్లను తయారు చేసేది ఇంజినీర్లు, ప్రోగ్రామర్లే.

ఇదే కోణం గేమ్ డెవలప్‌మెంట్‌లోనూ, డ్రైవింగ్ శిక్షణ సిమ్యులేటర్లలోనూ ఎదురవుతుంది. యూనిటీ కెమెరా మొదట్లో 60 డిగ్రీల నిలువు కోణంతో వస్తుంది. అన్‌రియల్ కెమెరాది 90 డిగ్రీల అడ్డం కోణం. ఈ తేడా తెలియకుండా ఒకదాని సెట్టింగును ఇంకోదాంట్లో పెడితే సీన్ మొత్తం మారిపోతుంది.

కాబట్టి ఒక చిన్న ప్రాజెక్టు చేయండి. తెర వెడల్పు, దూరం ఇస్తే అడ్డం, నిలువు కోణాలు రెండూ చెప్పే ప్రోగ్రాం రాయండి. తర్వాత ఒకే కారు, ఒకే ట్రాక్‌లో పాత కోణంతో 20 ల్యాప్‌లు, సరైన కోణంతో 20 ల్యాప్‌లు నడపండి. అత్యుత్తమ సమయం ఒక్కటే చూడొద్దు. ల్యాప్‌కూ ల్యాప్‌కూ తేడా ఎంత తగ్గిందో గ్రాఫ్ గీయండి. రెజ్యూమెలో 'గేమింగ్ నా హాబీ' అని రాసేకంటే ఈ ఒక్క పేజీ ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడిస్తుంది.

ఇంట్లోవాళ్లని అడిగి, ఈఎంఐలు కట్టి మూడు మానిటర్లు తెచ్చుకోవాలనుకుంటున్నారా? ఈ సాయంత్రం టేపు తీసి కంటి నుంచి తెర దాకా కొలవండి. అవసరం ఉందో లేదో లెక్కే చెబుతుంది!