క్రీడారంగములకు యోగ్యతాపత్రము

తిరుపతి పట్టణమున ఇందిరా మైదానము నెఱుగనివా రుండరు. 2022 జనవరిలో నగరపాలక సంస్థవారు జాతీయ కబడ్డీ పోటీలను అచ్చటనే జరిపిరి. 2025 జనవరిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల నిచ్చుటకు దేవస్థానమువా రేర్పఱచిన కేంద్రములలో నదియు నొకటి. ఒకే స్థలము ఒకప్పుడు ఆటకును, ఒకప్పుడు యాత్రికులకును ఉపయోగపడుట తప్పు గాదు. కాని, ఆ ఆవరణములో నెందఱు క్షేమముగ నిలువగలరో, ఆపద వచ్చినచో నెంత సేపటిలో వెలుపలికి రాగలరో లెక్కగట్టి ద్వారముకడ వ్రాసియుంచవలసినవా రెవరు?

ఈ ప్రశ్న ఊహామాత్రము గాదు. 2021 మార్చి 22వ తేదీని సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలకై తాత్కాలికముగ గట్టిన గ్యాలరీ కూలి నూఱుమందికి పైగా గాయపడిరి. 2025 జనవరి 8వ తేదీని తిరుపతి బైరాగిపట్టెడలో టోకెన్లకై యొక పార్కులో నిలిపియుంచిన జనము, ద్వారము తెఱవగనే ఒక్కుమ్మడి త్రోసికొనగా, ఆఱుగురు ప్రాణములు గోల్పోయిరి. అదే సంవత్సరము జూన్ 4వ తేదీని బెంగుళూరు చిన్నస్వామి క్రీడారంగపు ద్వారములకడ 11 మంది మరణించిరి. చేరినది ఆటకైనను, దర్శనమునకైనను, చిక్కు ఒక్కటియే: జన మధికము, దారి స్వల్పము.

ముందుగ అనుమతి పొందవలెననుట మన సీమకు క్రొత్త గాదు. చిత్తూరు ప్రాంతము చెన్నపురి రాజధానిలో నున్నప్పుడే, 1888లో, జనులు వినోదమునకై చేరు ఆవరణములకు లైసెన్సు కావలెనని చట్టము పుట్టినది. సినిమాహాలు లైసెన్సు లేక నడువదని పల్లెవారును ఎఱుగుదురు. మైదానముల విషయమున నంతటి పట్టుదల కానరాదు.

ఆంగ్లదేశీయులకు ఈ వివేకము సులభముగ కలుగలేదు. 1971 జనవరి 2వ తేదీని గ్లాస్గో నగరపు ఐబ్రాక్స్ క్రీడారంగమున మెట్లపై త్రొక్కుడుపడి 66 మంది చనిపోయిరి. లార్డు వీట్లీ విచారణ జరిపి నివేదిక నీయగా, 1975లో శాసనము వెలువడెను. పెద్ద క్రీడారంగములకు స్థానికసంస్థ యోగ్యతాపత్ర మీయవలెను; ప్రేక్షకుల సంఖ్యకు మితి యందు నిర్ణయింపబడును. అయినను 1989 ఏప్రిల్ 15వ తేదీని షెఫీల్డులోని హిల్స్‌బరోలో జరిగిన ఘోరమున 97 మంది బలియైరి. అచ్చటి పత్రము 1979లో నిచ్చినది. పిదప రంగమున మార్పులు జరిగినను పత్రము సవరింపబడలేదు. కావున, కాగిత ముండుట చాలదు. ఏటేట కొలత జరుగవలెను.

చెఱువు కట్టించినవాడు మొరవ నెంత వెడల్పున విడువవలెనో ముందే లెక్కించును. వఱద వచ్చిన పిదప కట్టను తెగగొట్టుట ఉపాయము గాదు. మైదానమునకు ద్వారములును అట్టివే.

చిన్న యూళ్ల ఆటలకు ఈ నిర్బంధము భారమగునని కొందఱందురు. ఆ మాట నిజమే. బడిపిల్లల పోటీకి పత్ర మడుగనక్కఱలేదు. గ్యాలరీలు కట్టునప్పుడును, ఆవరణములోనికి వేలకొలది జనమును రానిచ్చునప్పుడును మాత్రము పరీక్ష తప్పనిసరి చేసిన చాలును. అంతకంటె పెద్ద చిక్కు వేఱొకటి కలదు. నగరపాలక సంస్థయే పోటీలు నడుపునప్పుడు తన మైదానమునకు తానే యోగ్యత నిర్ణయించుకొనుట న్యాయము గాదు. ఇంజనీరు, అగ్నిమాపకాధికారి, పోలీసు అధికారి మువ్వురును చూచి, తమ పేర్లతో సంతకము చేసి, ఆ సంఖ్యను తెలుగులో ద్వారముపై వ్రాయింపవలెను. ఆ సంఖ్య నిండినంతనే ద్వారము మూయు అధికారము ఒక్కనికి ఉండవలెను. వాని మాటకు ఏ ప్రముఖుని సిఫారసును అడ్డు రాగూడదు.

తిరుపతి, చిత్తూరు నగరపాలకులు ఈ పనిని తమ మైదానములతోనే యారంభింపవచ్చును. కొలబద్దయు, నొక రంగుడబ్బాయు, బాధ్యత వహించు నొక సంతకమును దీనికి కావలసినవి. ప్రమాదము జరిగిన పిమ్మట విచారణసంఘములకగు వ్యయముతో పోల్చిన నిది యెంత? పన్ను చెల్లించు పౌరులు తమ ప్రతినిధులను ఈ సంఖ్య యెంతయని అడుగుదురుగాక!