బ్రౌజరు హెచ్చరికలు - మన కర్తవ్యము

నల్లగొండ జిల్లాలోని నిడమనూరు నాగార్జునసాగరు ఎడమకాలువ ఆయకట్టునకు చెందిన మండలము. వరి పండించి మిర్యాలగూడెము మిల్లులకు ధాన్యము తోలుకొను రైతులు ఈ ప్రాంతమున అధికముగా నున్నారు. పూర్వము వీరి భూముల లెక్క పట్వారీ బస్తాలో నుండెడిది. ఆ మూట విప్పించుటకు రైతు ఆయన యింటి అరుగు చుట్టు తిరుగవలసి వచ్చెడిది. ఇప్పుడా లెక్క యంత్రముల కెక్కినది. 2020 అక్టోబరు 29వ తేదీన ధరణి యారంభమైనది. దాని స్థానమున 2025 ఏప్రిలు 14వ తేదీన భూభారతి వచ్చినది. భూమి లెక్కయే గాక, బ్యాంకు నిలువ, విద్యుత్తు బిల్లు, విద్యార్థుల ఉపకారవేతనము - వీని కన్నిటికిని నేడు బ్రౌజరే వాకిలి. ఆ వాకిటి కావలివాడు తఱచుగా కేక వేయుచున్నాడు. ఆ కేకను చెవిని బెట్టువారు మాత్రము నానాటికి తగ్గుచున్నారు. ఈ సంగతినే నేడు పాఠకుల యెదుట నుంచ దలచితిమి.

ఆ ప్రాంతమున ఒక అంతర్జాల కేంద్రములో మేము కొంతసేపు కూర్చుంటిమి. ఒక రైతు పాసుపుస్తకమును, ఆధార్ కార్డును చేతబట్టుకొని వచ్చెను. బల్లవెనుక నున్న యువకుడు ఒక కార్యాలయపు పుట తెఱచెను. పుటకు బదులు హెచ్చరిక వచ్చెను. మీ సంబంధము గోప్యముగా లేదనియు, మీ పాస్‌వర్డులు ఇతరులు దొంగిలించు అవకాశము కలదనియు దాని తాత్పర్యము. యువకుడు ఒక్క పంక్తియైనను చదువలేదు. ఒకచోట నొక్కెను, మఱియొకచోట నొక్కెను, పుట తెఱచుకొనెను. అదేమని మే మడిగితిమి. "అది రోజూ వచ్చేదే సార్. దాని కాగితే పని కాదు" అని యాతడు సమాధాన మిచ్చెను. అరగంటలో అట్లే మూడు పర్యాయములు జరిగెను. బల్లకు ఈవల నిలుచున్న రైతునకు తెర కనబడదు. తన ఆధార్ సంఖ్య, తన ఫోనుకు వచ్చిన ఓటీపీ ఏ హెచ్చరికను దాటి లోపలికి పోయినవో ఆయన యెఱుగడు.

ఆ యువకునిపై మాకు కోపము లేదు. వెనుక వరుసలో పదిమంది నిలిచియుండగా ఆతడేమి చేయగలడు? అసలు దోష మెచట నున్నదో తెలిసికొనుటకు ముందు ఆ హెచ్చరిక యేమి చెప్పుచున్నదో చూడవలెను.

ముద్ర, గడువు, గడియారము

వెబ్‌సైటు ప్రతిదియు తానెవరో నిరూపించుకొనుటకు ఒక సర్టిఫికెటును చూపును. రిజిస్ట్రీ ఆఫీసులో దస్తావేజునకు ముద్ర యెట్టిదో వెబ్‌సైటునకు ఇది యట్టిది. దానిలో వెబ్‌సైటు పేరు, చెల్లుబాటు గడువు, జారీచేసిన సంస్థ సంతకము ఉండును. నమ్మదగిన సంస్థల జాబితా బ్రౌజరుకడనో, యంత్రముకడనో ముందే యుండును. పేరు కలిసినదా, గడువున్నదా, సంతకము నమ్మదగినదా యని బ్రౌజరు పరీక్షించును. ఈ మూటిలో ఏ యొక్కటి తప్పినను హెచ్చరిక వచ్చును.

తఱచుగా వచ్చు హెచ్చరికలలో చాలభాగమునకు దొంగలు కారణము కారు. గడువు తీరిన సర్టిఫికెటును కార్యాలయమువారు మార్చకపోవుట ఒక కారణము. కేంద్రములోని యంత్రపు గడియారము తప్పుట రెండవది. కంప్యూటరు లోపల నాణెమంత బ్యాటరీ యొకటి యుండును. అది సమసిపోయిన, కరెంటు పోయివచ్చిన ప్రతిసారి తేదీ కొన్ని సంవత్సరములు వెనుకకు పోవును. అప్పుడు బ్రౌజరు కంటికి సర్టిఫికెటులు ఇంకను పుట్టనివిగా తోచి, మంచి వెబ్‌సైటులకు గూడ హెచ్చరిక వచ్చును. కొలది రూపాయల బ్యాటరీ మార్చిన ఈ బాధ తీరును. మూడవది పాత యంత్రములు. విండోస్ 7నకు మైక్రోసాఫ్టువారి మద్దతు 2020 జనవరి 14వ తేదీతో ముగిసినది. 2021 సెప్టెంబరు 30వ తేదీన, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ సర్టిఫికెటులకు ఆధారమైన పాత మూల సర్టిఫికెటు గడువు తీరెను. చిరకాలముగా నవీకరణ లేని యంత్రములనేకము ఆనాడు నిర్దోషమైన పుటలను గూడ దొంగవని చూపినవి.

కారణము లిట్టివైనపుడు దాటిపోయిన వచ్చు నష్టమేమి యని కొందఱనవచ్చును. ఉన్నది. "నాన్నా, పులి!" యని ఊరక కేకలు వేసిన బాలుని కథ మన యిండ్లలో పిల్లలకుగూడ తెలియును. ఆ కథలో తుదకు పులి నిజముగానే వచ్చినది. అమెరికాలో 2013లో వెలువడిన ఒక పరిశోధన, రెండున్నర కోట్లకు పైగా హెచ్చరికలను పరిశీలించినది. సర్టిఫికెటు హెచ్చరిక వచ్చినపుడు క్రోము బ్రౌజరులో నూటికి డెబ్బది పర్యాయములు జనులు దానిని దాటిపోయిరి. ఫైర్‌ఫాక్సులో దాటిపోయినవి నూటికి ముప్పదిమూడు మాత్రమే. మోసపు వెబ్‌సైటు అని తెలుపు హెచ్చరికలను దాటినవి నూటికి ఇరువదియైదుకు లోపు. అనగా మనుష్యులు స్వభావముచే నిర్లక్ష్యపరులు కారు. హెచ్చరిక యెట్లు చెప్పబడెనో, ఎంత తఱచుగా వచ్చునో, దానినిబట్టియే వారి నడవడి మాఱును.

పులి వచ్చిన రెండు సందర్భములు

2011లో హాలెండు దేశమున డిజినోటార్ అను సర్టిఫికెటు సంస్థ యుండెను. దొంగలు దాని యంత్రములలో చొరబడి, గూగుల్ పేరుతో సహా ఐదువందలకు పైగా తప్పుడు సర్టిఫికెటులను సృష్టించిరి. సంతకము నమ్మదగినదే గనుక బ్రౌజరులు వానిని సందేహింపలేదు. కాని క్రోము మాత్రము గూగుల్ పుటలకు ఏ సంస్థల సంతకము లుండవలెనో ముందే గుర్తుంచుకొని యుండెను. ఆగస్టు మాసాంతమున ఇరానులోని ఒక సామాన్యుడు తన జీమెయిలు తెఱవబోగా హెచ్చరిక వచ్చినది. ఆతడు దానిని దాటిపోక, ఇది యేమని బహిరంగముగా నడిగెను. ఆ ప్రశ్నతో మోసమంతయు బయటపడినది. ఇరానులో సుమారు మూడు లక్షల చిరునామాలనుండి జరిగిన సంచారము అప్పటికే ఆ దొంగ సర్టిఫికెటు పాలబడినదని విచారణలో తేలినది. సెప్టెంబరులో ఆ సంస్థ దివాలా తీసెను. ఒక్కడు ఆగి చదివినందున కలిగిన మేలు ఇంత!

రెండవది మన దేశమునందే జరిగినది. 2014 జూలై 2వ తేదీన గూగుల్ వారు తమ పేర్లమీద తమకు తెలియకుండ పుట్టిన సర్టిఫికెటులను కనుగొనిరి. అవి జారీయైనది జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రమగు ఎన్.ఐ.సి.నుండి. దానికా యధికారము భారత ప్రభుత్వపు నియంత్రణాధికారిద్వారా వచ్చినది. ఈ యధికారిపదవి 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టముచే ఏర్పడినది. మరునాడే ఆ యధికారి ఎన్.ఐ.సి. సర్టిఫికెటు అధికారములను రద్దుచేసెను. ఎన్.ఐ.సి.లోని జారీ విధానము భంగపడినదని విచారణలో తేలినట్లు తెలుపబడినది. కావలి కంచెలోనే కంత పడినది. అటుతరువాత క్రోము బ్రౌజరు, భారత ప్రభుత్వ మూల సర్టిఫికెటును కొలది పేర్లకు మాత్రము పరిమితము చేయ నిశ్చయించెను. ఫైర్‌ఫాక్సు జాబితాలో మన మూల సర్టిఫికెటు అప్పటికి లేనేలేదు.

ఇది మన యభిమానమునకు నొప్పి కలిగించు విషయమే. 2023 ఆగస్టులో కేంద్రప్రభుత్వము స్వదేశీ బ్రౌజరు నిర్మాణమునకు ఒక పోటీ ప్రకటించెను. మన మూల సర్టిఫికెటును ఆ బ్రౌజరు విశ్వసింపవలె ననునది దాని నిబంధనలలో నొకటి. 2025 మార్చిలో ఫలితములు వెలువడగా జోహో సంస్థవారి బృందమునకు ప్రథమ బహుమతిగా కోటి రూపాయలు లభించినది. ఈ యత్నమును మేము హర్షించుచున్నాము. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ముద్ర స్వదేశీయమైనంతమాత్రమున విశ్వాసము రాదు. ముద్రను కాపాడు చేతులు మెలకువతో నున్నప్పుడే వచ్చును.

కార్యాలయముల బాధ్యత

పై విషయములనుబట్టి మొదటి బాధ్యత వెబ్‌సైటులను నడుపువారిదని మా యభిప్రాయము. గడువు తీరినను మార్చకుండుట, పైగా "హెచ్చరిక వచ్చిన భయపడకుడు, ముందుకు సాగుడు" అని సూచనపత్రములో వ్రాయుట - ఇది కావలివాని కేకను వినవద్దని ఊరివారికి చాటింపు వేయించుట వంటిది. అట్లు నేర్పబడినవాడు రేపు దొంగ పుట వచ్చినను అదే చోట నొక్కును. ఈ యలసత్వమునకు ధనాభావము సాకు గాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ 2015నుండి సర్టిఫికెటులను ఉచితముగా నిచ్చుచున్నది. గడువు తీరకముందే తమంతట తాము మాఱునట్లు యంత్రములను అమర్చుకొనవచ్చును.

మీదుమిక్కిలి, ఈ గడువులు కుదించుకొనిపోవుచున్నవి. 2020 సెప్టెంబరు 1నుండి సర్టిఫికెటు గరిష్ఠ గడువు 398 దినములుగా నుండెను. 2025 ఏప్రిలులో బ్రౌజరు సంస్థలు, సర్టిఫికెటు సంస్థలు కలిసి చేసిన నిర్ణయము ప్రకారము, ఆ గడువు 2026 మార్చి 15నుండి 200 దినములకు, 2027 మార్చి 15నుండి 100 దినములకు, 2029 మార్చి 15నుండి 47 దినములకు తగ్గును. ఏడాదికొకమాఱు గుర్తుంచుకొనలేని కార్యాలయము నెలన్నర కొకమాఱు ఎట్లు గుర్తుంచుకొనును? ఇప్పుడే యంత్రమునకు అప్పగింపనియెడల హెచ్చరికలు ఇబ్బడిముబ్బడియగును. అధికారులు ఈ విషయమున మేల్కొనవలెనని కోరుచున్నాము.

పౌరుని వివేకము

పాఠకు డేమి చేయవలెను? హెచ్చరికలన్నియు ఒక్కటి కావని మొదట గ్రహింపవలెను. చిరునామా పట్టీలో "సురక్షితము కాదు" అని చిన్న యక్షరములతో మాత్రము కనబడిన, ఆ పుటకు మీరు పంపునది దారిలో ఇతరులు చదువవచ్చునని యర్థము. వార్త చదువుకొనవచ్చును, పాస్‌వర్డు, ఆధార్ సంఖ్య, బ్యాంకు వివరములు మాత్రము వ్రాయరాదు. తెరయంతయు ఆక్రమించి, సర్టిఫికెటు చెల్లదని చెప్పిన, ముందు యంత్రపు తేదీ చూడుడు. తేదీ సరిగా నుండియు హెచ్చరిక మానకున్న, ఆనాటికి ఆ పని యాపుడు, కార్యాలయమునకు తెలుపుడు. కొన్ని వెబ్‌సైటులు, తమ సర్టిఫికెటులో దోషమున్న ఎవ్వరిని లోనికి విడువవద్దని బ్రౌజరునకు ముందే చెప్పియుంచును. అప్పుడు దాటు దారియే యుండదు. దానికై వేఱొక పాత బ్రౌజరును వెదకుట, తలుపు వేసిరని గోడకు కన్నము వేసికొనుటయే. ఇక మోసపు పుట యని తెలుపు ఎఱ్ఱ తెర వచ్చిన మాఱుమాట లేదు, వెనుకకు మరలవలెను.

నకిలీ హెచ్చరికలును గలవు. "మీ కంప్యూటరులో వైరస్ చేరినది, వెంటనే ఈ నంబరునకు ఫోను చేయుడు" అని మ్రోగుచు, మెఱయుచు వచ్చునవి యట్టివి. బ్రౌజరు చేయు నిజమైన హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు, రుసుము అడుగబడదు. వానిని మూసివేయుట మేలు.

ఇంకొక భ్రమ కలదు. హెచ్చరిక రాలేదు గనుక పుట మంచిదే యనుకొనరాదు. దొంగయు తన పేర ఒక వెబ్‌సైటు పెట్టి, దానికి సరియైన సర్టిఫికెటు తెచ్చుకొనగలడు. సర్టిఫికెటు పేరును నిరూపించునే గాని శీలమును నిరూపింపదు. కావున చిరునామాను అక్షరమక్షరము చదువవలెను. ఈ సౌకర్యమునకే రిజర్వు బ్యాంకు, మన బ్యాంకులన్నియు 2025 అక్టోబరు 31వ తేదీలోగా "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగియు చిరునామాలకు మాఱవలెనని ఆదేశించెను. ఆ తోక లేని బ్యాంకు పుటను శంకింపవచ్చును. పొరపాటున సొమ్ము పోయినచో జాగు చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, ఆ సొమ్ము ఇతర ఖాతాలకు పోకుండ ఆపుటకు అంత అవకాశ ముండును.

కడపట కేంద్రములు నడుపు యువకులకు ఒక విన్నపము. మీ బల్లమీది తెరను రైతు వైపునకు కొంచెము త్రిప్పుడు. హెచ్చరిక వచ్చినపుడు "అయ్యా, ఈ పుట మీద యంత్రమునకు అనుమానము కలిగినది, ఏమి చేయమందురు?" అని యడుగుడు. ఒక నిమిషము పోవును. వరుసలోని వారు విసుగుకొందురు. అయినను ఆ భూమి రైతుది, ఆ వేలిముద్ర రైతుది. వానిని ఏ వాకిటిలోనికి పంపుచున్నామో తెలిసికొను హక్కుగూడ రైతుదే. పట్వారీ బస్తాలో తన పేరు ఎట్లు వ్రాయబడెనో చదువుకొనలేక నష్టపడిన తాతల మనుమడు, తెరమీది హెచ్చరికను ఇతరులు దాటించుచుండగా చూడక నిలుచుండవలసిన పని లేదు.