చేలో దిగిన పెట్టె

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల్లో ఒక్కొక్కప్పుడు ఒక వింత జరుగుతుంది. తెల్లవారేసరికి పత్తిచేలో రంగుల పారాచూటు, దాని కొసన ఒక థర్మోకోల్ పెట్టె పడి ఉంటాయి. ఊరంతా గుమిగూడుతుంది. ఆ పెట్టె ఎక్కడిదో మీకు తెలుసా?

హైదరాబాదులో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 1969లో ఏర్పడింది. పలుచని పాలిథీన్‌తో చేసి, హైడ్రోజన్ నింపిన పెద్ద బెలూన్లు అక్కడినుండి 30, 40 కిలోమీటర్ల ఎత్తుకు పోతాయి. పని ముగియగానే రేడియో సంకేతంతో పరికరాలను విడదీస్తారు. అవి గాలివాటున ఎక్కడ దిగితే అక్కడే!

ఉపగ్రహంలో పెట్టవలసిన పరికరాన్ని ముందుగా ఇలా పరీక్షించడం మంచిది. ఉపగ్రహంలో చెడితే బాగుచేయడానికి సాధారణంగా మనిషి పోలేడు. బెలూన్‌లో పోయినదైతే తిరిగి చేతికి వస్తుంది.

అక్కడ పరికరానికి ఎదురయ్యే కష్టం చలి అనుకుంటున్నారా? నిజమే, 17 కిలోమీటర్ల దగ్గర చలి సున్నాకు దిగువన 80 డిగ్రీల దాకా ఉంటుంది. కాని ఇంకా పైన మరో చిక్కుంది. 30 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం ఇక్కడి దానిలో నూరవ వంతుకు కాస్త ఎక్కువ, అంతే. వేడిని మోసుకుపోయే గాలి లేక, అంత చలిలోనూ లోపలి విద్యుత్ భాగాలు వేడెక్కిపోగలవు! పైగా మామూలు గాలిలో దూకని విద్యుత్తు, పలుచని గాలిలో తేలికగా తీగనుండి తీగకు దూకుతుంది. బల్లమీద చక్కగా పనిచేసిన పరికరం అక్కడ మాడిపోవచ్చు. గ్జెనాన్ వాయువు నింపిన ఎక్స్‌కిరణ పరికరాలను ఈ సంస్థవారు బెలూన్లలో పంపి చూశారు. అదే రకానివి 2015లో ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలో నింగికెక్కాయి. అయితే బెలూన్‌లో భారరహిత స్థితి ఉండదు. ఆ పరీక్షకు ఇది పనికిరాదు.

పెట్టె మీకు కనబడితే విప్పకండి. కొన్నిటిలో ప్రమాదకరమైన హెచ్చు వోల్టేజి ఉంటుంది. పెట్టెమీద చిరునామా రాసి ఉంటుంది. పోలీసు ఠాణాలోగాని, తపాలా కార్యాలయంలోగాని చెప్పండి.

2005 ఏప్రిల్‌లో ఇలాంటి బెలూన్ 41 కిలోమీటర్ల ఎత్తువరకు పోయి గాలి నమూనాలు తెచ్చింది. వాటిలో మూడు కొత్త బ్యాక్టీరియా జాతులు దొరికాయి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టారు. ఆ గొట్టాలను దారిలో ఎవరైనా తెరచి ఉంటే, దొరికినవి ఆకాశపు సూక్ష్మజీవులో, మన చేతి మట్టిలోవో ఎవరు చెప్పగలరు?