టర్బో సర్జ్

డీజిల్ ఇంజనుకు అమర్చిన టర్బోచార్జరులో, ముందుకు పోవలసిన గాలి నిలకడ తప్పి వెనుకకు తన్నడాన్ని టర్బో సర్జ్ అంటారు. ఇంధన మోతాదు పెంచి శక్తిని హెచ్చించిన, అనగా ట్యూనింగ్ చేసిన పికప్ ట్రక్కులు బరువైన ట్రైలరును లాగేటప్పుడు ఈ దోషం తరచు బయటపడుతుంది. అమెరికాలో 1999-2003 కాలపు ఫోర్డ్ 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ ట్రక్కులు ఇందుకు తెలిసిన ఉదాహరణ.

టర్బోచార్జరు పని
ఇంజను నుండి వెలువడే వేడి వాయువులు టర్బైను చక్రాన్ని తిప్పుతాయి. అదే ఇరుసుకు రెండవ కొనన ఉన్న కంప్రెసరు చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తిడితో ఇంజనుకు పంపుతుంది. వాతావరణ పీడనం కంటె అదనంగా లభించే ఈ పీడనమే బూస్ట్. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూచి 1905లో ఈ విధానానికి పేటెంటు పొందాడు.

కారణాలు
ఇంజను ఎంత గాలిని స్వీకరించగలదనేది ముఖ్యంగా దాని వేగంపై ఆధారపడి ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు పెద్ద గేరులో, తక్కువ వేగంలో ఉన్న ఇంజనుకు ఇంధనం అధికంగా అందితే, వాయువుల వేడి పెరిగి టర్బైను అతివేగంగా తిరుగుతుంది. బూస్ట్ పెరుగుతుంది గాని, నెమ్మదిగా తిరిగే ఇంజను ఆ గాలినంతటినీ తీసుకోలేదు. అప్పుడు కంప్రెసరు రెక్కల మీద ప్రవాహం చెదరి, గాలి వెనుకకు మళ్ళుతుంది. పీడనం తగ్గగానే ప్రవాహం మరల ముందుకు సాగుతుంది. ఇది సెకనుకు పలుమార్లు జరుగుతుంది.

కొండ ప్రాంతాలలో సమస్య హెచ్చుతుంది. సముద్రమట్టం వద్ద వాతావరణ పీడనం 14.7 పి.ఎస్.ఐ. బూస్ట్ 20 అయితే, కంప్రెసరు పీడన నిష్పత్తి 34.7/14.7, అనగా సుమారు 2.4. కొలరాడో రాష్ట్రంలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న ఐసెన్‌హోవర్ సొరంగం వద్ద వాతావరణ పీడనం 9.7 పి.ఎస్.ఐ.కి దగ్గరగా ఉంటుంది. అదే బూస్టుకు అక్కడ నిష్పత్తి 29.7/9.7, అనగా సుమారు 3.1. మీటరు ఒకే అంకె చూపినా కంప్రెసరు శ్రమ పెరిగిందన్నమాట. మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు కూడా ఇటువంటి ఫలితాన్నే ఇస్తుంది.

లక్షణాలు, నష్టాలు
లోడు మీద "చఫ్ చఫ్" మనే రెక్కల చప్పుడు వంటి ధ్వని వినబడుతుంది. బూస్ట్ మీటరు ముల్లు ఊగిసలాడుతుంది. ఆక్సిలరేటరు వదిలినపుడు ఒక్కసారి వినబడే శబ్దం కంటె, ఎత్తు మీద ఆగకుండా సాగే శబ్దం ప్రమాదకరం. ఇరుసు ముందువెనుకలకు కుదుపులకు లోనై థ్రస్ట్ బేరింగు అరుగుతుంది. అరుగుదల ముదిరితే చక్రం గూటికి రాసుకొని రెక్కలు విరుగుతాయి.

సవరణ
* శబ్దం రాగానే ఆక్సిలరేటరు కొంత తగ్గించి, చిన్న గేరుకు మారాలి. ఇంజను వేగం పెరిగి ఎక్కువ గాలిని తీసుకుంటుంది.
* ఎయిర్ ఫిల్టరును పరీక్షించి, మురికిగా ఉంటే మార్చాలి.
* ట్రైలరు లాగడానికి వేరుగా ట్యూనింగ్ చేయించి, తక్కువ వేగాలలో ఇంధన మోతాదును తగ్గించాలి.
* వేస్ట్‌గేటు సరిగా తెరచుకుంటున్నదో లేదో చూడాలి. 2003లో వచ్చిన ఫోర్డ్ 6.0 లీటర్ల ఇంజను వలె, టర్బైను వైపు కదిలే పలకలు గల టర్బోలలో మసి పట్టి ఆ పలకలు బిగుసుకుపోలేదని నిర్ధారించుకోవాలి.
* ఇవన్నీ చేసినా తగ్గకపోతే, తక్కువ ప్రవాహంలోనూ నిలకడగా పనిచేసే కంప్రెసరు చక్రాన్ని గాని, పీల్చేచోట గాలి కొంత తిరిగి వెళ్ళడానికి గాడి ఉన్న గూటిని గాని అమర్చాలి.

పెట్రోలు కార్లలో వాడే బ్లో-ఆఫ్ వాల్వు ఈ సమస్యకు మందు కాదు. అది థ్రాటిల్ మూసుకున్నపుడు నిలిచిపోయే గాలిని వదలడానికి ఉద్దేశించినది. ట్రైలరు లాగే డీజిల్ ట్రక్కులో సర్జ్ వచ్చేది ఆక్సిలరేటరు నొక్కి ఉన్నపుడే. విడిభాగాలు మార్చే ముందు ఇరుసు ఆటను కొలిపించాలి. బేరింగు అప్పటికే అరిగి ఉంటే, కొత్త చక్రం కూడా ఎక్కువకాలం నిలవదు.